ఆమె ఏం చేసింది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో, ఒక కాఫీ షాపు పై అంతస్తులో అప్పుడప్పుడూ ఓపెన్ మైక్ జరుగుతుంది. నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్పీకరు, కింద రోడ్డు మీంచి ఆగకుండా వినిపించే బస్సు హారన్లు. కుర్రాళ్ళు ఒక్కొక్కరూ ఐదేసి నిమిషాలు మైకు పట్టుకుంటారు. హాస్టల్ సాంబారు, కోచింగ్ సెంటర్ సార్లు, ఆఫీసులో మేనేజర్ల గోల. చాలావరకు పాత సరుకే. అయినా మన పేటల పేర్లతో, మన తెలుగులో జోకులు వినడం నాకు సరదా. ఆ ఆదివారం చెల్లెల్ని కూడా తీసుకెళ్ళాను. తను చైతన్యపురిలో హాస్టల్లో ఉండి గ్రూప్ టూకి చదువుతోంది. ఆదివారాలు ఎల్బీ నగర్‌లో మా ఇంటికి వస్తుంది.

ఐదో వాడో, ఆరో వాడో ఒక నాయకుడి మీద మొదలుపెట్టాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ముందు ఆయన వాగ్దానాలు, తర్వాత ఆయన హిందీ, తర్వాత ఆయన కాన్వాయ్ కోసం ట్రాఫిక్‌లో ఆగిపోయిన పెళ్ళికొడుకు. బావుంది. అక్కణ్ణించి ఆ నాయకుడి కోడలి దగ్గరికి వచ్చాడు. ఆ జోకు ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ చెప్పినట్టే అవుతుంది. ఆవిడ పడగ్గదికి సంబంధించింది అని మాత్రం చెప్తాను. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. బలవంతంగా కాదు, నిజంగానే వచ్చింది నవ్వు.

అక్కణ్ణించి ఎల్బీ నగర్‌కి మెట్రోలో మూడు స్టేషన్లు. విక్టోరియా మెమోరియల్ దాటాక చెల్లెలు అడిగింది. "అన్నా, ఇంతకీ ఇందులో ఆమె ఏం చేసింది?"

"జోకు ఆమె మీద కాదు, వాళ్ళ మామ మీద" అన్నాను.

"మరి మామ మీదే వెయ్యొచ్చు కదా."

స్టేషన్ వచ్చింది, దిగాం. మెట్లు దిగుతూ వేరే మాటల్లో పడ్డాం. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని నాకు తెలుసు, తనకీ తెలుసు. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నం.

*

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోజూ సాయంత్రం ఒక దృశ్యం కనిపిస్తుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ, ఎటు వెళ్ళాలన్నా జనం ఇక్కడే నిలబడతారు. బస్సులు, ఆటోలు, కార్లవాళ్ళ కేకలు. ఒక ఆటో ఇంకో ఆటోకి అడ్డం వస్తుంది. ఇద్దరు మగవాళ్ళు దిగుతారు. మొదటి నిమిషంలోనే ఇద్దరి తల్లులూ గొడవలోకి వచ్చేస్తారు. ఎక్కడో చౌటుప్పల్‌లో పొయ్యి మీద పప్పు పెట్టుకుంటున్న ఒకావిడకి, తన పేరు మీద ఇక్కడ ఏం నడుస్తోందో తెలియదు. ఆవిడ ఆటో నడపలేదు, అడ్డం రాలేదు. కానీ దెబ్బ ఆవిడకి.

మన తిట్లకి ఒక వ్యాకరణం ఉంది. కోపం ఎవరి మీదో, మాట వాళ్ళ తల్లి మీద, ఆలి మీద, అక్క మీద. ఒక మగవాణ్ణి నేరుగా తిడితే చాలదు, అతని 'సొత్తు' మీద చెయ్యి వెయ్యాలి అన్నది దాని వెనకున్న ఊహ. ఆ రోజు నేను నవ్విన జోకు ఈ తిట్టుకి మైకు పెట్టిన రూపమే. ఆటోవాడు కోపంతో అన్నాడు, ఆ కుర్రాడు టైమింగ్‌తో అన్నాడు, అంతే తేడా.

ఇంతవరకు ఒప్పుకోడం తేలికే. ఇబ్బంది ఏమిటంటే, ఇలాంటి మాట బయటికి వచ్చినప్పుడు దాని మీద లేచే ఆగ్రహం కూడా చాలాసార్లు ఇదే వ్యాకరణంలో ఉంటుంది. "మా నాయకుడి ఇంటి ఆడవాళ్ళ జోలికొస్తారా?" అంటారు. 'మా', 'నాయకుడి', 'ఇంటి', ఈ మూడూ దాటాక గానీ 'ఆడవాళ్ళు' రారు. ఆవిడకి పేరుండదు, ఆవిడ ఏమందో ఎవరూ అడగరు. అవమానించినవాడికీ, అవమానానికి బదులు తీర్చుకుంటానని బయల్దేరినవాడికీ ఒక విషయంలో అభిప్రాయభేదం లేదు. ఆవిడ ఆయన పరువు. ఒకడు దాన్ని లాగుతాడు, ఇంకొకడు దాన్ని కాపాడతాడు.

మన రెండు రాష్ట్రాల్లో కొన్నేళ్ళుగా జరిగినవి ఒక్కసారి వరసలో పెట్టి చూద్దాం.

2021 సెప్టెంబరులో పోసాని కృష్ణమురళి సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో పవన్ కల్యాణ్ మీదా, ఆయన కుటుంబం మీదా మాట్లాడిన మాటలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పవన్‌ని విమర్శించినందుకు అభిమానులు తన భార్య గురించి బూతు సందేశాలు పంపారని, అందుకే అలా మాట్లాడానని ఆయన చెప్పుకున్నారు. అంటే ఒక ఇంటి ఆడవాళ్ళకి బదులు ఇంకో ఇంటి ఆడవాళ్ళు. ఆ రోజే ప్రెస్‌క్లబ్ బయట ఆయన మీద దాడికి ప్రయత్నం జరిగింది. ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరి 26న ఆంధ్ర పోలీసులు హైదరాబాద్ వచ్చి ఆయన్ని పట్టుకెళ్ళారు. ఒక ఊళ్ళో బెయిలు వచ్చేలోపు ఇంకో ఊరి కేసులో పీటీ వారెంటు. దాదాపు నెల తర్వాత గానీ బయటికి రాలేదు. మూడున్నరేళ్ళ కిందటి మాటకి అంత హడావుడి ఎందుకొచ్చిందంటే, ఆ మాట బరువు మారలేదు, కుర్చీలో మనిషి మారాడు.

2024 అక్టోబరులో ఇంకొకటి. మంత్రి కొండా సురేఖకి ఒక ఎంపీ నూలు దండ వేసిన ఫొటో మీద సోషల్ మీడియాలో నీచంగా రాశారు. ఆవిడ విలేకరుల ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. బాధ నిజమైనదే. ఆ వెంటనే కేటీఆర్‌ని తిట్టబోయి సమంత విడాకుల్ని మధ్యలోకి లాగారు. ఒక ఆడమనిషి మీద పడిన బురద ఇంకో ఆడమనిషి మీదికి వెళ్ళింది, గురి మాత్రం మొదట్నుంచీ చివరిదాకా మగవాళ్ళే. తర్వాత సురేఖ ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నాగార్జున పరువునష్టం కేసు వేశారు. ఇంత గొడవలో సమంత ఒక్క మాట అన్నారు. విడాకులు తన సొంత విషయమని, రాజకీయ గొడవల్లోకి తన పేరు తేవద్దని. వారం రోజుల టీవీ చర్చల్లో నాకు అర్థవంతంగా కనిపించింది ఆ మాటే. అందరికంటే తక్కువ సేపు వినిపించిందీ అదే.

2025 మార్చిలో, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని ఒక పెద్దాయన బూతులు తిట్టిన వీడియోని పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టుల్ని అరెస్టు చేశారు. మూడు రోజుల తర్వాత అసెంబ్లీలో ముఖ్యమంత్రి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి రాస్తున్న రాతల్ని ప్రస్తావిస్తూ, అలాంటివాళ్ళ బట్టలూడదీసి రోడ్డు మీద ఊరేగిస్తామన్నంత దాకా వెళ్ళారు. ఇంట్లో ఆడపిల్లల గురించి అలాంటి రాతలు చదివే తండ్రికి ఎలా ఉంటుందో ఊహించగలను. కానీ ఆడవాళ్ళ మర్యాద కాపాడతానంటూ ఎంచుకున్న బెదిరింపు, బట్టలు విప్పడం. కోపంలో నోటికి మొదట తట్టే భాష అదే కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఆ భాష ఆయనొక్కడిదే కాదు, చౌరస్తాలో ఆటోవాడిదీ, కాఫీ షాపులో నాదీ.

*

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నాకు నేనే వేసుకున్నాను. తెలుగు రాజకీయాల్లో కుటుంబం సొంత విషయమని ఎవరన్నారు? తండ్రి, అల్లుడు, కొడుకు, కూతురు, మేనల్లుడు, తమ్ముడు, ఈ బంధుత్వాలు తీసేస్తే మన పార్టీల్లో ఎవరు మిగుల్తారు? 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ దగ్గర జరిగింది కుటుంబ తగాదానా, ప్రభుత్వ మార్పా? రెండూ. ఎన్టీఆర్ లక్ష్మీపార్వతిని పెళ్ళి చేసుకోడం ఆయన సొంత విషయం. పార్టీలో ఎవరి మాట చెల్లాలి అన్నది ఆయన సొంత విషయం కాదు. ఆ రోజుల్లో ఆ ఇంటి మీద వ్యంగ్యం వేసినవాళ్ళని తప్పు పడితే రాజకీయ వ్యంగ్యాన్నే తప్పు పట్టినట్టు.

ఓట్లు అడిగేటప్పుడు ఇంటిల్లిపాదినీ వేదిక మీద నిలబెట్టి, విమర్శ వచ్చినప్పుడు "ఇంట్లోవాళ్ళ జోలికి రావద్దు" అంటే చెల్లదు కదా. నిజమే. చెల్లదు.

అందుకే 'కుటుంబం' అని గీత గియ్యడం పనికిరాదనిపిస్తుంది. గీత ఎక్కడ గియ్యాలో మా చెల్లెలి ప్రశ్నే చెప్తుంది. ఆమె ఏం చేసింది? పదవి తీసుకుందా, ప్రచారం చేసిందా, కంపెనీ నడుపుతూ ప్రభుత్వ లాభం పొందిందా, కార్యకర్తలకి ఆజ్ఞలిచ్చిందా? అయితే ఆ పని మీద ఎంత పదునైన జోకైనా వెయ్యొచ్చు. ఏడ్చినా వెయ్యొచ్చు. అలాంటిదేమీ లేకుండా, 'ఫలానా ఆయన భార్య' అన్నదొక్కటే జవాబైతే, ఆ జోకు తప్పు అడ్రసుకి వెళ్ళింది. పని చేసిన మనిషే అయినా, జోకు ఆ పని వదిలేసి ఆవిడ శరీరం మీదికో, శీలం మీదికో వెళ్తే, అప్పుడు కూడా ప్రశ్నకి జవాబు లేనట్టే.

షర్మిల విషయం చూడండి. 2012లో అన్న జైల్లో ఉండగా పాదయాత్ర మొదలుపెట్టారు, తర్వాత తెలంగాణలో పార్టీ పెట్టారు, దాన్ని కాంగ్రెస్‌లో కలిపారు, 2024 జనవరిలో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. వీటిలో ఒక్కోదాని మీద ఒక్కో గంట స్టాండప్ చెయ్యొచ్చు. తప్పేం లేదు. కానీ 2019 జనవరిలో ఆవిడ భర్తతో కలిసి హైదరాబాద్ పోలీసు కమిషనర్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది వీటి గురించి కాదు. ఒక నటుడితో సంబంధం అంటగట్టి ఏళ్ళ తరబడి ప్రచారం చేశారని. అప్పుడావిడ అన్న వైపు ఉన్నారు. తర్వాత అన్నకి ఎదురు తిరిగారు. 2024లో తన మీదా, తల్లి మీదా అసభ్యంగా రాస్తున్నారని మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది, ఈసారి వేలు చూపింది అన్న పార్టీ వైపు. ఆవిడ జెండా మారింది, రాసేవాళ్ళ జెండా మారింది, రాత మాత్రం అదే. రాజకీయ విమర్శే అయితే రాజకీయం మారినప్పుడు అదీ మారాలి కదా.

*

రెండో అభ్యంతరం ఇంకా కష్టమైనది. "ఇలా గీతలు గీస్తూ పోతే ఆ గీతల్ని వాడుకునేది ఎవరు? అధికారంలో ఉన్నవాళ్ళే." ఇది ఊహ కాదు, జరిగిన చరిత్ర.

1987లో 'మండలాధీశుడు' వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌ని పోలిన పాత్రలో కోట శ్రీనివాసరావు నటించారు. అందులో ఎగతాళి ఎన్టీఆర్ మీదే, ఆయన పాలన మీదే. అయినా కోటని విజయవాడ రైల్వేస్టేషన్లో ఆ పార్టీ అభిమానులు కొట్టారు. తర్వాతెప్పుడో ఎన్టీఆర్ ఎదురుపడినప్పుడు మంచి నటుడివని మెచ్చుకుని ఆదరంగా మాట్లాడారని కోట ఇంటర్వ్యూల్లో చెప్పేవారు. పాత్ర ఎవరి మీదో ఆయనకి కోపం నిలవలేదు, ఆయన తరఫున కోపం తెచ్చుకున్నవాళ్ళకే నిలిచింది. 2025 మార్చిలో కునాల్ కామ్రా పాడిన పాట కూడా ఏక్‌నాథ్ షిండే ఇంటివాళ్ళ మీద కాదు, పార్టీ చీల్చిన ఆయన రాజకీయం మీద. ముంబయిలో ఆ షో రికార్డు చేసిన హాలుని శివసైనికులు పగలగొట్టారు. కర్ర పట్టుకున్నవాడు జోకుల్ని వర్గీకరించడు. వాడికి నాయకుడి మీద జోకూ ఒకటే, నాయకుడి కోడలి మీద జోకూ ఒకటే.

అందుకే ఒక జోకు తప్పు అనడానికీ, ఆ జోకు వేసినవాణ్ణి జైల్లో పెట్టాలి అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను. రెండోదానికి కాదు.

ఎప్పుడూ కాదా అంటే, ఒక మినహాయింపు ఉంది. 2024 జులైలో ప్రణీత్ హనుమంతు అనే యూట్యూబర్, ఇంకొందరు కలిసి, ఒక తండ్రీకూతుళ్ళ వీడియో మీద చేసిన వ్యాఖ్యలు. సాయి ధరమ్ తేజ్ దాన్ని నలుగురి దృష్టికీ తెచ్చారు, రాష్ట్రమంతా మండిపడింది, పోక్సో కింద కేసు పెట్టి బెంగళూరులో అరెస్టు చేశారు. ఆ ఆగ్రహంలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ అందులో తప్పు కనబడదు. ఆ పాపకి పార్టీ లేదు, అభిమాన సంఘం లేదు, జవాబు చెప్పే వయసు లేదు. చట్టం అండ అవసరమైంది అలాంటివాళ్ళకే. నాయకుడి ఇంటివాళ్ళకి పార్టీ, టీవీ చానెల్, లాయర్లు అన్నీ ఉన్నాయి. వాళ్ళ బాధ తక్కువని కాదు, వాళ్ళకి జవాబు చెప్పే దారులు ఎక్కువని.

దీనికి విరుద్ధంగా అనిపించే సంఘటన కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్లో వైఎస్ భారతి గురించి టీడీపీ కార్యకర్త ఒకడు యూట్యూబ్‌లో నీచంగా మాట్లాడాడు. అధికారంలో ఉన్న టీడీపీనే అతన్ని సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. తనవాడి మీద చర్య తీసుకోడం మన దగ్గర అరుదు, మెచ్చుకున్నాను. కానీ అతన్ని తరలిస్తుంటే మాజీ ఎంపీ గోరంట్ల మాధవ్ పోలీసుల మధ్యలోనే అతని మీద దాడికి వెళ్ళి తనూ అరెస్టయ్యారు. రెండు రోజుల్లో వార్త మాధవ్ గురించీ, పోలీసుల గురించీ అయింది. భారతి ఆ వార్తలోంచి నెమ్మదిగా జారిపోయారు.

పోలీసులూ కర్రలూ లేకుండా ఇలాంటి తప్పు సరిదిద్దుకోవడం సాధ్యమేనా? ఒకచోట అయింది. 2009 జూన్‌లో అమెరికాలో డేవిడ్ లెటర్‌మన్ తన టీవీ షోలో సారా పేలిన్ కూతురి మీద లైంగికమైన జోకు వేశాడు. తల్లితో న్యూయార్క్‌లో బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళింది పద్నాలుగేళ్ళ చిన్న కూతురు. నా ఉద్దేశం పెద్దమ్మాయి అని మొదట సర్దిచెప్పుకున్నాడు. జనం ఒప్పుకోలేదు. కొద్ది రోజులకి అదే షోలో, అదే కుర్చీలో కూర్చుని, తన ఉద్దేశం ఏదైనా జోకు తప్పని చెప్పి ఆ ఇద్దరు అమ్మాయిలకీ, వాళ్ళ కుటుంబానికీ క్షమాపణ అడిగాడు. పేలిన్ అంగీకరించింది. షో కొనసాగింది, ఆయన పేలిన్ రాజకీయాల మీద జోకులూ కొనసాగాయి. నాకు ముఖ్యంగా కనిపించింది, ఆయన అమ్మాయిల పేర్లు పలకడం. ఒక నాయకురాలికి మాత్రమే కాకుండా మనుషులకి క్షమాపణ చెప్పడం.

మన దగ్గర కూడా ఆ గొంతు ఒకసారి వినిపించింది. 2021 నవంబరు 19న, సభలో తన భార్యని కించపరిచారంటూ చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చి విలేకరుల ముందు ఏడ్చారు. ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానన్నారు, 2024లో వచ్చారు. ఆ కథ అందరికీ తెలుసు, ఎన్నికల ప్రచారంలోనూ చెప్పుకున్నారు. ఆ తర్వాత భువనేశ్వరి ఒక లేఖ విడుదల చేశారు. తనకి జరిగిన అవమానం ఇంకే స్త్రీకీ జరగకూడదన్నది దాని సారాంశం. ఆయన కన్నీళ్ళ వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ లేఖ ఎంతమందికి గుర్తుంది?

*

ఇక నా సంగతి. సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి నాకు ఇలా అర్థమవుతుంది. ఓపెన్ మైక్ అంటే టెస్టింగ్. కమెడియన్ పది జోకులు తెస్తాడు, నవ్వొచ్చిన నాలుగూ ఉంచుకుంటాడు, మిగతావి పారేస్తాడు. ఆ నాలుగే రేపు యూట్యూబ్‌లోకి వెళ్తాయి. ఆ తర్వాత గొడవ, కేసు, క్షమాపణ వీడియో. మేం నవ్విన రోజున దాన్ని పాస్ చేశాం. రేపు ఆ కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్తే, "మాటలు జాగ్రత్తగా ఉండాలి కదా బ్రో" అని పోస్టు పెట్టేవాళ్ళలో ఆ నలభై కుర్చీల్లోవాళ్ళు కూడా ఉంటారు. బహుశా నేనూ.

నవ్వు మన చేతిలో లేదు కదా అంటారు. మొదటి క్షణం నిజమే. ఆ వ్యాకరణం చిన్నప్పట్నుంచి చెవుల్లో పడింది, నవ్వు దానంతటదే వచ్చేస్తుంది. రెండో క్షణం మాత్రం మనదే. చప్పట్లు కొట్టాలా, క్లిప్పు ఫార్వర్డ్ చెయ్యాలా, ఇంటికెళ్ళి ఆఫీసు గ్రూపులో ఆ జోకు మళ్ళీ చెప్పాలా అన్నది.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఒక్కణ్ణే. అదే కుర్రాడు వచ్చాడు. కాన్వాయ్ జోకు ఇంకా మెరుగైంది, గట్టిగా నవ్వాను. కోడలి జోకు కూడా ఉంది, ఒక మాట మార్చాడు, అంతే. ఈసారి నేను నవ్వలేదు. నా పక్కనున్నాయన నవ్వాడు, ముందు వరసలో ఒకమ్మాయి నవ్వలేదు. హాలు ఏమీ నిశ్శబ్దమైపోలేదు. షో అయ్యాక మెట్ల దగ్గర టీ తాగుతూ ఆ కుర్రాడు కనిపించాడు. కాన్వాయ్ జోకు బావుందని చెప్పి, మా చెల్లెలు అడిగిన ప్రశ్న అతన్ని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏం చెయ్యలేదన్నా. కానీ అది తీసేస్తే నాకు చివర్న నవ్వు రాదు" అన్నాడు.

నిజాయితీగానే చెప్పాడు. మొన్న మెట్రోలో నా దగ్గర ఆ మాత్రం జవాబు కూడా లేకపోయింది.